డీటీ గారిని అడగండి: పాతికేళ్ళు ఏ రోజుకి నిండాలి?

పోయిన నెల ఓటరు జాబితాలో పేరు గల్లంతైతే ఏం చెయ్యాలో రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే జనానికి ఓటు వెయ్యడం కన్నా నిలబడడం మీదే ఎక్కువ ఆసక్తి ఉన్నట్టుంది. కట్టలో సగం ఎంపీల గురించే. ఎలక్షన్ సెక్షన్‌లో గుమస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయినవాణ్ణి, నాకూ సరదాగానే ఉంది. ఈ నెల అవే తీసుకుంటున్నాను. రేషన్ కార్డుల వాళ్ళు కోప్పడొద్దు, వచ్చే నెల మీదే.

డీటీ గారూ, మా అన్నయ్య కొడుక్కి వచ్చే లోక్‌సభ ఎన్నికల్లో ఇండిపెండెంట్‌గా నిలబడాలని పిచ్చి పట్టుకుంది. నామినేషన్ నాటికి వాడికి 25 నిండవు, పోలింగ్ నాటికి నిండుతాయి. 'పోలింగ్ రోజే లెక్క బాబాయ్' అంటున్నాడు. నిజమేనా?
— ఒక బాబాయి, గాజువాక

కాదండీ. పోలింగ్ రోజు లెక్కలోకి రాదు. నామినేషన్ వేసిన రోజూ కాదు. వచ్చిన నామినేషన్లన్నీ ముందేసుకుని, ఆ నియోజకవర్గంలో ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారి (ఆర్వో) పరిశీలించే రోజు ఒకటుంటుంది. స్క్రూటినీ అంటాం. ఆ రోజుకి 25 నిండి ఉండాలి.

2024నే తీసుకోండి. మన రాష్ట్రంలో ఏప్రిల్ 18 నుంచి 25 దాకా నామినేషన్లు తీసుకున్నారు, 26న స్క్రూటినీ, మే 13న పోలింగ్. 1999 ఏప్రిల్ 20న పుట్టినవాడు దర్జాగా నిలబడొచ్చు. అదే మే 1న పుట్టినవాడు పోలింగ్ నాటికి పాతికేళ్ళవాడైనా సరే, ఏప్రిల్ 26నే వాడి కాగితం పక్కకి వెళ్ళిపోతుంది. పదకొండు రోజుల తేడాకి అయిదేళ్ళు ఆగాలి.

నా సర్వీసులో ఒకసారి ఇది కళ్ళారా చూశాను. ఊరూ పేరూ వద్దు. అసెంబ్లీ ఎన్నిక, దానికీ 25 ఏళ్ళే. కుర్రాడు తెల్ల చొక్కా, నుదుట బొట్టు, వెనకాల తండ్రి. వాళ్ళ నామినేషన్ కాగితాలు తియ్యగానే అవతలి అభ్యర్థి ఏజెంటు లేచి ఎస్సెస్సీ మార్కుల మెమో జిరాక్స్ బల్ల మీద పెట్టాడు. లెక్కేస్తే ఇంకా నెలన్నర తక్కువ. తండ్రి ఏమాత్రం కంగారు పడలేదు. 'అది బళ్ళో మేస్టారు వేసేసిన తేదీ బాబూ, మావాడు పుట్టింది అంతకు ముందు ఏడాది' అని సంచిలోంచి నాలుగు మూలలా పసుపు రాసిన జాతకం తీసి ఇచ్చాడు. గదిలో సగం మందికి నవ్వొచ్చింది కానీ ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అక్కడున్న గుమస్తాల్లో సగం మందివి బళ్ళో మేస్టారు వేసిన తేదీలే. నాదీ అంతే. ఆర్వో గారు జాతకం రెండువైపులా చూసి, 'ఇది చూసి నేను ముహూర్తం పెట్టలేను కదండీ' అని మడతపెట్టి మర్యాదగా వెనక్కిచ్చారు. నామినేషన్ తిరస్కరించారు. అప్పటికే వాళ్ళ ఊళ్ళో గోడలన్నిటికీ సున్నం కొట్టించి పేరు రాయించేసుకున్నారట.

అయితే మీ అబ్బాయి విషయంలో నా టెన్షన్ వయసు కాదు, ప్రమాణం. రాజ్యాంగం 84వ అధికరణం ఎంపీకి అడిగేవి చాలా తక్కువ. భారత పౌరుడై ఉండాలి, వయసు నిండాలి, దేశంలో ఏదో ఒక లోక్‌సభ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. వీటితోబాటు, అభ్యర్థిగా రాజ్యాంగానికి విధేయుడినని అధికారి ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. గెలిచాక సభలో చేసే ప్రమాణం వేరు, ఇది వేరు. నామినేషన్ ఇచ్చాక, స్క్రూటినీ రోజు మొదలవక ముందే అయిపోవాలి. 'రేపు పరిశీలనకి వచ్చినప్పుడు చేస్తాను' అంటే చెల్లదు. పార్టీల వాళ్ళకి వెనకాల లాయరు ఉంటాడు, చెప్తాడు. ఇండిపెండెంట్లే బోల్తా పడతారు. నామినేషన్ ఇచ్చిన బల్ల దగ్గరే నిలబడి 'ప్రమాణం కూడా చేయించండి' అని అడగమనండి. ప్రపోజర్లు, అంటే పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టేవాళ్ళు, గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు చాలు, ఇండిపెండెంట్‌కి పది మంది కావాలి. ఆ పది మందీ అదే నియోజకవర్గం ఓటర్లు కావాలి. పక్క నియోజకవర్గంలో ఉన్న మేనమామ సంతకం పనికిరాదు.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అక్కడ ఎవరైనా రెండుసార్లే, ఆ తర్వాత ఇంటికే అంటాడు. మన దగ్గర అలా ఎందుకు పెట్టరు? ఎన్నేళ్ళైనా వాళ్ళేనా?
— ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

అమ్మా, మీ అబ్బాయి చెప్పింది అమెరికా అధ్యక్షుడి సంగతి. ఆయనకి రెండుసార్లే. అక్కడి పార్లమెంటు సభ్యులకి అలాంటి హద్దు లేదు. జాన్ డింగెల్ అనే ఆయన 1955 నుంచి 2015 దాకా, అంటే 59 ఏళ్ళు ప్రతినిధుల సభలో ఉన్నారు. కొన్ని రాష్ట్రాలు 'మా ఎంపీలు ఇన్నిసార్లే' అని సొంతంగా నిబంధన పెట్టుకుంటే 1995లో అక్కడి సుప్రీంకోర్టు కుదరదంది. హద్దు పెట్టుకున్న దేశాలూ లేకపోలేదు. ఫిలిప్పీన్స్‌లో ప్రతినిధుల సభకి వరసగా మూడుసార్లు మించి ఉండకూడదు.

వయసు మాత్రం అమెరికాదీ మనదీ ఒకటే అంకె. కింది సభకి 25, పై సభకి 30. లెక్కపెట్టే రోజే వేరు. జో బైడెన్ 1972 నవంబరు మొదట్లో సెనేట్‌కి గెలిచినప్పుడు ఆయనకి 29. రెండు వారాలకి 30 నిండాయి, జనవరిలో పదవిలో కూర్చున్నారు. అక్కడ సీట్లో కూర్చునేనాటికి నిండితే చాలు. మన గాజువాక కుర్రాడు అక్కడ పుట్టి ఉంటే ఈ గొడవ లేదు.

మన దగ్గర పై వయసుకి హద్దు లేదు, ఎన్నిసార్లన్నదానికీ లేదు. ఆచార్య ఎన్.జి. రంగా గారు 1930లో బ్రిటిష్ వాళ్ళ కాలంలోనే కేంద్ర శాసనసభకి వెళ్ళారు. చివరిసారి 1989లో గుంటూరు నుంచి గెలిచారు, అప్పటికి ఆయనకి తొంభై దగ్గర. మధ్యలో నాలుగో లోక్‌సభలో మన పక్క శ్రీకాకుళానికీ ఎంపీగా ఉన్నారు. యాభై ఏళ్ళ పార్లమెంటు సేవకి గిన్నిస్ పుస్తకంలో పేరెక్కింది.

దీని మీద మా బీచ్ రోడ్ బ్యాచ్‌లో రోజూ యుద్ధమే. పొద్దున్న ఆరున్నరకి కురుసుర సబ్‌మెరీన్ ఎదురుగా బెంచీ మీద నలుగురం కూర్చుంటాం. స్టీల్ ప్లాంట్‌లో ఫోర్‌మన్‌గా చేసిన మిత్రుడిది ఒకటే మాట: 'అంత ఇనుప సబ్‌మెరీన్‌ని కూడా 1969లో దింపి 2001లో చాలమ్మా అని పని మాన్పించి, ఆ తర్వాత ఒడ్డుకి లాగి పెట్టారు. మనిషికి ఉండక్కర్లేదేటి హద్దు?' నేనూ 58కే ఇంటికొచ్చాను. ఇప్పుడు మన రాష్ట్ర ఉద్యోగులకి 62 చేశారు, అది చూసి నాకు కాస్త కడుపుమంట ఉన్నమాట నిజం. అయినా ఈ విషయంలో నేను మావాడితో ఏకీభవించను. నన్ను 58కి పంపించింది జీవో. ఎంపీని ఇంటికి పంపించడానికి అయిదేళ్ళకోసారి మన చేతికి ఓటిస్తున్నారు. పంపించకపోతే తప్పు ఆ ముసలాయనదా?

ఆ అయిదేళ్ళు కూడా గట్టిగా పట్టుకునే లెక్క కాదు. 1971లో ఎన్నికైన లోక్‌సభ ఎమర్జెన్సీలో గడువు పొడిగించుకుని 1977 జనవరి దాకా సాగింది. 1998లో ఎన్నికైనది పదమూడు నెలలకే రద్దయింది. 1996, 98, 99, నాలుగేళ్ళలోపు మూడు లోక్‌సభ ఎన్నికలు. ఆ రోజుల్లో మా ఇంట్లో పండగల కన్నా ఎలక్షన్ డ్యూటీలే ఎక్కువ. మా ఆవిడ బ్యాలెట్ పెట్టెల తుప్పు వాసన నా చొక్కాల్లోంచి పోవట్లేదని గొణిగేది.

జూనియర్ అసిస్టెంట్ పోస్టుకి డిగ్రీ అడుగుతున్నారు. నాకు డిగ్రీ ఉంది, పోస్టు రాలేదు. చట్టాలు చేసే ఎంపీకి అయిదో తరగతి కూడా అక్కర్లేదట. ఇది న్యాయమా సార్?
— కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి, కంచరపాలెం

తల్లీ, నీ కోపం చిన్నది కాదు. 1949 నవంబరు 26న, రాజ్యాంగాన్ని ఆమోదించిన రోజునే, రాజ్యాంగ సభ అధ్యక్షుడు రాజేంద్ర ప్రసాద్ గారు ఇంచుమించు ఇదే అన్నారు. చట్టాన్ని అమలు చేసేవాళ్ళకి పెద్ద చదువులుండాలని పట్టుబడతాం, చట్టం చేసేవాళ్ళకి మాత్రం ఎన్నిక కావడం తప్ప ఏ అర్హతా పెట్టలేదు, ఇది పొంతన లేని పని అని ఆయన బాధ. అయినా పెట్టలేకపోయారు. 1951 జనాభా లెక్కల్లో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి 18 మందే. చదువు షరతు పెడితే దేశంలో నూటికి ఎనభై మందికి పైగా ఓటు వెయ్యగలరు కానీ నిలబడలేరు.

ఆ సభలోనే మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి గారున్నారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల్లో వాలంటీరుగా ఉండి, టికెట్ లేదని నెహ్రూ గారినే గేటు దగ్గర ఆపిన పిల్ల. రాజ్యసభకి 35 ఏళ్ళుండాలని ప్రతిపాదన పెడితే, 30 చాలని 1949 మేలో సవరణ తెచ్చింది ఆవిడే. తెలివి వయసుని బట్టి రాదన్నది ఆవిడ వాదన. అప్పటికి ఆవిడకే నలభై నిండలేదు. సభ ఒప్పుకుంది. అంటే ఇవాళ మనం అలవోకగా చెప్పే ఆ 30 వెనకాల ఒక తెలుగావిడ ఉంది. మన సివిక్స్ పుస్తకాల్లో ఈ ముక్క ఎందుకుండదో నాకు అర్థం కాదు.

నా సంగతి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ రాజేంద్ర ప్రసాద్ గారి పక్షమే. డిగ్రీ పాసైన గర్వం ఉండేది. తొంభైల్లో ఒకసారి పాడేరు వైపు కొండ మీద ఊళ్ళో ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా పడ్డాను. ఒక అభ్యర్థి తరఫు ఏజెంటు యాభై ఏళ్ళావిడ. నియామక పత్రం మీద వేలిముద్ర. నేను మనసులో నవ్వుకున్నాను, ఈవిడ జాబితా ఏం చూస్తుందని. పది దాటాక ఒక పడుచుపిల్ల చీటీ పట్టుకుని వచ్చింది. పేరు సరిపోయింది, వయసు సరిపోయింది, తండ్రి పేరు గడగడా చెప్పింది. నేను బ్యాలెట్ చింపబోతుంటే ఆవిడ లేచింది. 'బాబూ, ఈ గుంట ఆ గుంట కాదు. ఆ గుంటకి ఎడం ముంజేతి మీద తేలు పచ్చబొట్టుంది' అని కొంగు ముడి విప్పి రెండు రూపాయల కాగితం నా ముందు పెట్టింది. ఓటుని సవాలు చెయ్యాలంటే రెండు రూపాయలు కట్టాలన్న రూలు నేను రాత్రే హ్యాండ్‌బుక్‌లో చదివాను. ఆవిడకి ఎలా తెలుసో ఇప్పటికీ తెలీదు. విచారిస్తే ఆ పిల్ల పెళ్ళికొచ్చిన చుట్టం. సవాలు నిజమని తేలింది కాబట్టి రెండు రూపాయలూ తిరిగిచ్చేశాను. మళ్ళీ కొంగుకే ముడేసుకుంది. ఆ రోజు ఆ బూత్‌లో జాబితా నిజంగా చదివింది ఎవరు?

అలాగని చదువు వద్దని కాదు. మన విశాఖ నుంచి 2014లో గెలిచిన హరిబాబు గారు ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పినాయన. 2019లో అరకు నుంచి 26 ఏళ్ళకే వెళ్ళిన మాధవి గారు అంతకు ముందు బళ్ళో వ్యాయామ టీచరు. శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు 2014లో మొదటిసారి గెలిచినప్పుడూ 26 ఏళ్ళే. చదువుకున్నవాళ్ళు వస్తూనే ఉన్నారు, గేటు దగ్గర కాపలా పెట్టకపోయినా.

నాకు విడ్డూరంగా అనిపించేది ఇంకోటి. హర్యానాలో సర్పంచ్‌గా నిలబడాలంటే జనరల్ మగవాళ్ళకి పదో తరగతి ఉండాలని 2015లో చట్టం చేశారు, సుప్రీంకోర్టు సరేనంది. చట్టం చేసిన ఎమ్మెల్యేలకి మాత్రం ఆ షరతు లేదు. ఇల్లు కట్టినవాడు ద్వారం చిన్నది పెట్టించి, తను దొడ్డిదారిన వెళ్ళినట్టుంది.

నువ్వు చెయ్యగలిగింది ఒకటుంది. ప్రతి అభ్యర్థీ ఫారం 26 అని ఒక అఫిడవిట్ ఇస్తాడు. చదువు, ఆస్తి, అప్పు, కేసులు అన్నీ అందులో రాయాలి. ఆర్వో ఆఫీసు నోటీసు బోర్డు మీద పెడతాం, ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో కూడా ఉంటుంది. 2002లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మొదలైన పద్ధతి. ఆ బోర్డు దగ్గర నిలబడి చదివేది ఎవరనుకున్నావు? విలేకరులు, అవతలి పార్టీ లాయర్లు, టీ తెచ్చే కుర్రాడు. ఓటరు వచ్చి చదవడం నా సర్వీసు మొత్తంలో రెండు చేతుల వేళ్ళకి మించి చూడలేదు.

బయటి ఊళ్ళ నుంచి వచ్చి మా విశాఖలో ఎంపీ అయిపోతుంటారు. స్థానికుడై ఉండాలన్న రూలు లేదా?
— భీమిలి పాఠకుడు

లేదు. దేశంలో ఎక్కడ ఓటున్నా ఇక్కడ నిలబడొచ్చు. 2004లో మనం గెలిపించిన నేదురుమల్లి జనార్దనరెడ్డి గారిది నెల్లూరు జిల్లా. 1967లో ఇండిపెండెంట్‌గా తెన్నేటి విశ్వనాథం గారిని గెలిపించిందీ మనమే. పార్కుకి పేరుంది చూడండి, ఆయనే. రాజ్యసభకి ఒకప్పుడు ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న షరతు ఉండేది, 2003లో అదీ తీసేశారు. ఎస్టీ రిజర్వుడు సీటైన అరకులో నిలబడేవాళ్ళు ఎస్టీలై ఉండాలి, కానీ మన రాష్ట్రం ఎస్టీలే కానక్కర్లేదు.

ఎంపీ సభకే వెళ్ళకపోతే?
— మద్దిలపాలెం

అనుమతి లేకుండా అరవై రోజులు సమావేశాలకి రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. వరసగా నాలుగు రోజులకి మించి సభ వాయిదా పడితే ఆ రోజులు లెక్కలోకి రావు. అందుకని అరవై అంటే మన క్యాలెండరులో రెండు నెలలు కాదు. సీటు పోయిన వాళ్ళు చాలా అరుదు.

ఒక్కసారి గెలిస్తే జన్మంతా పింఛనట కదా?
— రిటైర్డ్ టీచరు, అనకాపల్లి

అవును మాస్టారూ. సభలో ఎన్నాళ్ళున్నా మాజీ ఎంపీకి పింఛను వస్తుంది. 2025లో పెంచి, 2023 ఏప్రిల్ నుంచి లెక్క కట్టారు, నెలకి 31,000. అయిదేళ్ళు దాటితే ప్రతి ఏడాదికీ మరో 2,500. పదేళ్ళు చేసినాయనకి 43,500. మీకూ నాకూ పింఛను కనబడాలంటే కనీసం పదేళ్ళ సర్వీసుండాలి, పూర్తిగా రావాలంటే 33 ఏళ్ళు. మీ ఉత్తరం బెంచీ మీద చదివి వినిపించాను. ఫోర్‌మన్ మిత్రుడు ఏమన్నాడో పత్రికలో వెయ్యరు.

ఇది రాయడం అయిపోవచ్చిందనగా గాజువాక నుంచి ఇంకో కార్డు వచ్చింది. ఈసారి కుర్రాడే రాశాడు: 'సార్, బాబాయి మిమ్మల్ని అడిగాడని తెలిసింది. స్క్రూటినీ నాటికి నిండకపోతే ఆగుతాను. డిపాజిట్ ఎంత? ఎన్ని ఓట్లొస్తే తిరిగిస్తారు?'

పాతిక వేలు నాయనా, ఎస్సీ ఎస్టీలకి పన్నెండున్నర వేలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే తిరిగొస్తుంది. పన్నెండు లక్షలు పోలైతే రెండు లక్షలు దాటాలి. నామినేషన్లు తీసుకునేది పదకొండు నుంచి మూడు దాకా. మూడు కొట్టేసరికి గది లోపల ఉన్నవాళ్ళవే తీసుకుంటారు. నీతో కలిపి అయిదుగురినే లోపలికి రానిస్తారు, కాబట్టి ప్రపోజర్లందరి సంతకాలూ ఇంటి దగ్గరే చేయించి తీసుకెళ్ళు. అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకు, లేకపోతే 'లేదు' అని రాయి. ప్రమాణం గుర్తుంది కదా?